నీళ్లు బాగున్నాయంటే సరిపోదు, రిపోర్టు చూపించండి

ఓపెన్ వాటర్ ఈత పోటీలు నిర్వహించే వారికీ, ఆ నీళ్లను పరీక్షించి అనుమతులిచ్చే అధికారులకూ,

నమస్కారం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పోటీ రోజు పొద్దున్నే మైకులో 'నీళ్లు పరీక్షించాం, అంతా సేఫ్' అని ప్రకటిస్తారు. దేనికోసం పరీక్షించారు, ఎంత వచ్చింది, నమూనా ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు అని అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ఈ నాలుగు వివరాలూ మేం నీళ్లలో దిగకముందే అందరికీ కనిపించేలా పెట్టండి. ఈ ఉత్తరం రాస్తున్నది ప్రధానంగా అందుకే. మిగతా కోరికలు దీని వెనకాలే వస్తాయి.

చెరువుల్లో, నదుల్లో, సముద్రంలో ఈదాలని మేం కోరి వస్తాం. అక్కడ క్లోరిన్ ఉండదని, అడుగు కనబడదని, గాలి తిరిగితే అలలు లేస్తాయని తెలిసే వస్తాం. నీళ్లు పూల్‌లో ఉన్నట్టు ఉండాలని ఎవరూ అడగడం లేదు. రిస్క్ తీసుకోవడానికి ఒప్పుకునే సంతకం పెడుతున్నాం. ఎంత రిస్క్ మీద సంతకం పెడుతున్నామో చెప్పమంటున్నాం, అంతే.

నీళ్లు మింగకుండా ఈదొచ్చు కదా అని ఒడ్డున ఉన్నవాళ్లు అంటుంటారు. కుదరదు. మామూలు పూల్‌లోనే 45 నిమిషాల ఈతలో పెద్దవాళ్లు సగటున 16 మిల్లీలీటర్లు, పిల్లలు 37 మిల్లీలీటర్లు మింగుతారని ఒక అధ్యయనంలో తేలింది. అదీ ప్రశాంతంగా ఉన్న నీళ్లలో. పోటీలో మొదటి బోయ్ (దారి చూపడానికి నీళ్లపై తేలేలా కట్టే గుర్తు) దగ్గర మలుపు ఎలా ఉంటుందో దిగినవాళ్లకే తెలుస్తుంది. పదుల మంది ఒకే చోటికి దూసుకొస్తారు. పక్కవాళ్ల మోచెయ్యి గాగుల్స్‌కు తగులుతుంది, ముందువాళ్ల పాదాలు మొహం మీద నురగ కొడతాయి, ఊపిరి కోసం నోరు తెరిచిన క్షణానికే అల వచ్చి పడుతుంది. దగ్గేలోపు సగం లోపలికి పోతుంది. కాబట్టి ఆ నీళ్లలో ఏముందనే ప్రశ్న మాకు తాగే నీళ్ల ప్రశ్న లాంటిదే.

మీ దగ్గర ఉండే రిపోర్టులో సాధారణంగా రెండు పేర్లుంటాయి, ఇ.కోలి, ఎంటెరోకోకై. రెండూ మనుషుల, జంతువుల పేగుల్లో బతికే బ్యాక్టీరియా. నీళ్లలో ఇవి కనిపించాయంటే మలం కలిసిందని అర్థం, దాంతోపాటు ఇంకేవైనా రోగక్రిములూ వచ్చి ఉండొచ్చని అర్థం. సముద్రపు నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన మార్గదర్శకాలు ఎంటెరోకోకై లెక్కనే తీసుకున్నాయి. నూటికి 95 నమూనాల్లో వంద మిల్లీలీటర్లకు 40 లోపు ఉంటే, ఒకసారి ఈదినందుకు కడుపు జబ్బు వచ్చే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ. అదే 200 దాటి 500 దాకా పోతే 5 నుంచి 10 శాతం. 500 దాటితే 10 శాతం పైనే. యూరప్‌లో నదులు, సరస్సులకైతే ఇ.కోలి 500 లోపు ఉంటే 'శ్రేష్ఠం', 1,000 లోపు ఉంటే 'మంచిది' అని తరగతులు పెట్టారు.

ఇప్పుడు మీ 'సేఫ్' అనే మాటను పక్కన పెట్టి చూడండి. ఇ.కోలి 60 వచ్చినా సేఫే, 950 వచ్చినా సేఫే. మైకులో ఒకేలా వినబడుతుంది. కానీ 950 అని తెలిస్తే, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు ఆగిపోవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పదమూడేళ్ల పిల్లను పోటీకి తెచ్చిన తల్లిదండ్రులు మానుకోవచ్చు. మిగతావాళ్లం కాలి గాయానికి వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసుకునో, చెవుల్లో ప్లగ్స్ పెట్టుకునో దిగుతాం. అంకె చెబితే జనం బెదిరిపోతారని మీ భయం. నా అనుభవంలో జనాన్ని బెదరగొట్టేది దాచిపెట్టడమే. రిపోర్టు లేని చోట వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు చచ్చిన చేప ఫోటో పెడతారు, ఇక ఆ రాత్రంతా టెన్షన్.

అంకెతో పాటు నమూనా సమయం, చోటు ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. ఒక పోటీకి ముందు నమూనా తీస్తుంటే పక్కనే ఉన్నాను. ఒకాయన జెట్టీ చివర నుంచి ఖాళీ మంచినీళ్ల సీసాను తాడు కట్టి వదిలాడు. పైపైన తేలే నీళ్లు పట్టాడు. మూత బిగించి, బండి డిక్కీలో పడేసుకుని వెళ్లిపోయాడు. ఎండ మండిపోతోంది. ఆ సీసా ల్యాబ్‌కు ఎప్పుడు చేరిందో, దాంట్లో ఎన్ని బతికాయో, ఎన్ని చచ్చాయో దేవుడికే ఎరుక. పద్ధతిగా చేస్తే స్టెరైల్ సీసా కావాలి. కనీసం మీటరు లోతున్న చోట, నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల కింద సీసా నింపాలి. వెలుతురు తగలకుండా, ఐస్ పెట్టెలో ఉంచి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, ఖర్చూ పెద్దది కాదు. శ్రద్ధ ఉంటే చాలు.

సమయం సంగతి ఇంకా తమాషా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ బ్యాక్టీరియాను చంపుతాయి. అందుకే మధ్యాహ్నం తీసిన నమూనాలో తక్కువ కనిపించి, తెల్లవారుజామున తీసినదాంట్లో ఎక్కువ కనిపించడం మామూలే. మా పోటీలు మొదలయ్యేది సూర్యుడు సరిగ్గా పైకి రాకముందే. మీ నమూనాలు తీసేది ఆఫీసు వేళల్లో. అంటే మేం ఈదే నీళ్ల కన్నా శుభ్రమైన నీళ్లను మీరు పరీక్షిస్తున్నారన్నమాట. నమూనాను పోటీ వేళకే తీయండి. ఒడ్డున ఒక్క చోట తీసి ఊరుకోకుండా, కాలువో వాగో వచ్చి కలిసే మూలన, దూరపు బోయ్ దగ్గర కూడా తీయండి.

పైగా ఈ పరీక్ష వెంటనే తేలేది కాదు. బ్యాక్టీరియా పెరిగి కనబడటానికి 18 నుంచి 24 గంటలు పడుతుంది. కొన్ని గంటల్లోనే జన్యుపదార్థాన్ని బట్టి చెప్పే పరీక్షలున్నా అన్ని చోట్లా లేవు. కాబట్టి మీ చేతిలో ఉన్న మంచి రిపోర్టు ఎప్పుడూ నిన్నటి నీళ్లదే. మధ్యలో వాన పడితే ఆ కాగితానికి విలువ లేదు. వాననీళ్లూ మురుగునీళ్లూ ఒకే గొట్టంలో పోయే నగరాల్లో పెద్ద వాన పడగానే ఆ గొట్టాలు నిండి, శుద్ధి కాని మురుగు నేరుగా నదిలోకి పొర్లుతుంది. అలాంటి గొట్టాలు లేని చోట పొలాల మీది పశువుల పేడ, వీధుల మీది చెత్త కొట్టుకొస్తాయి. గట్టి వాన తర్వాత రెండు మూడు రోజులు దిగకపోవడం మంచిదని అనుభవం ఉన్న ఈతగాళ్లందరికీ తెలుసు. మీ పోటీ నియమాల్లో మాత్రం మెరుపుల గురించి ఉంటుంది, వాన గురించి ఉండదు.

2024 పారిస్ ఒలింపిక్స్ గుర్తుందిగా. సెన్ నదిని ఈతకు పనికొచ్చేలా చేయడానికి దాదాపు 140 కోట్ల యూరోలు పెట్టారు. వాననీళ్లు నిలబెట్టడానికి 50,000 ఘనపు మీటర్ల ట్యాంకును భూమి లోపల కట్టారు. అయినా ప్రారంభోత్సవం నాడు కురిసిన వానలకు లెక్కలు పెరిగి, జూలై 30న జరగాల్సిన, ఈత, సైకిలు, పరుగు మూడూ ఉండే పురుషుల ట్రయథ్లాన్‌ను మర్నాటికి మార్చాల్సి వచ్చింది. ఈ సంగతి చెప్పి నవ్వినవాళ్లను చాలామందిని చూశాను. నాకైతే అందులో నవ్వాల్సింది కనిపించలేదు. ప్రపంచమంతా చూస్తుండగా, టీవీ హక్కులు, టికెట్లు అన్నీ అమ్ముడుపోయాక, కొన్ని గంటల ముందు 'ఇవాళ వద్దు' అనగలిగారు. ఎందుకంటే నమూనాలు రోజూ తీస్తున్నారు, హద్దు ముందే రాసిపెట్టుకున్నారు, వాయిదాకు వేరే రోజూ అట్టే పెట్టుకున్నారు.

దీనికి పూర్తిగా భిన్నంగా జరిగింది అంతకు ఏడాది ముందు, ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో. 2023 జూలై చివర్లో జరిగిన ట్రయథ్లాన్ పోటీల తర్వాత కనీసం 57 మంది వాంతులు, విరేచనాలతో పడ్డారు. పోటీలకు కొద్ది రోజుల ముందు ప్రభుత్వ సంస్థ ఆ తీరంలో తీసిన నమూనాలో వంద మిల్లీలీటర్లకు 3,900 ఇ.కోలి వచ్చాయి. ఆ ఫలితం బయటికి వచ్చేసరికి పోటీలు అయిపోయాయి. తాము చేయించిన పరీక్షలు సరిగ్గానే వచ్చాయని, ఆ నమూనా పోటీ జరిగిన నీళ్లకు బయట తీసిందని నిర్వాహకులన్నారు. జబ్బుపడ్డవాళ్ల నమూనాల్లో తర్వాత ఎక్కువగా కనిపించింది నోరోవైరస్. అది నీళ్ల వల్లే వచ్చిందా, మనిషి నుంచి మనిషికి పాకిందా అనే వాదన జోలికి నేను వెళ్లను. నాకు కావాల్సింది ఒక్కటే. ఒక సంస్థ దగ్గర ఒక అంకె, ఇంకో సంస్థ దగ్గర ఇంకో అంకె ఉన్నప్పుడు, ఆ రెండూ ఈదేవాళ్లకు ముందే ఎందుకు తెలియకూడదు?

కడుపు నొప్పి రెండు రోజుల్లో తగ్గిపోతుందిలే అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. 1998లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, లేక్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ట్రయథ్లాన్ జరిగింది. 876 మంది పాల్గొన్నారు. తర్వాత ఆరోగ్యాధికారులు 834 మందితో మాట్లాడితే 98 మంది జబ్బుపడినట్టు తెలిసింది. రక్తం పరీక్షిస్తే 52 మందికి లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుకలు, పశువుల మూత్రంతో నీళ్లలోకి వచ్చే బ్యాక్టీరియా అది. పోటీకి ముందు వానలు బాగా పడ్డాయి, ఆ సరస్సు నీళ్లు మింగినవాళ్లకే ఎక్కువగా వచ్చింది. ఈ జ్వరం మర్నాడే రాదు. వారం పది రోజులకో, ఒక్కోసారి నెలకో వస్తుంది. అప్పటికి అందరూ ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయి ఉంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లి జ్వరం, ఒళ్లునొప్పులు అంటే ఫ్లూ మందులు రాస్తారు. చెరువులో ఈదానని చెప్పాలని రోగికి తట్టదు, అడగాలని డాక్టరుకూ తట్టదు. ముదిరితే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే పోటీ అయ్యాక మీ పని అయిపోదు. మా ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు మీ దగ్గరున్నాయి. వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్లకు రోజుకో మెసేజ్ పంపుతారు కదా, పోటీ అయిన వారానికి ఒకటి, నెలకు ఒకటి 'జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చాయా' అని కూడా పంపండి. వచ్చిన జవాబులను ఆరోగ్య శాఖకు ఇవ్వండి.

ఇ.కోలి పరీక్షకు అస్సలు చిక్కనివీ ఉన్నాయి. నిలవ నీళ్లలో, ఎరువుల పోషకాలు చేరి, ఎండలు ముదిరినప్పుడు నీలి ఆకుపచ్చ శైవలాలు (నాచు లాంటివి) విపరీతంగా పెరుగుతాయి. పైన పచ్చ పెయింటు ఒలకబోసినట్టు తెట్టు కడుతుంది, గాలి వాటున ఒక ఒడ్డుకు చేరుతుంది. వాటిలో కొన్ని రకాలు కాలేయాన్ని, నరాలను దెబ్బతీసే విషాలు విడుదల చేస్తాయి. ఆ నీళ్లు తాగి కుక్కలు, పశువులు చనిపోవడం చాలా చోట్ల జరిగింది. ఇది కళ్లతో చూసి పట్టుకోగలిగిన ముప్పు, పోటీ రోజు పొద్దున ఒక మనిషి పడవలో కోర్సంతా ఒక రౌండు కొడితే చాలు. మెదడును తినే అమీబా అని పేపర్లలో వచ్చే నేగ్లేరియా ఫౌలెరి గురించి కూడా ఒక మాట. అది వెచ్చటి మంచినీళ్లలో ఉంటుంది, ముక్కులోంచే లోపలికి పోతుంది, తాగితే రాదు. వస్తే బతికేవాళ్లు చాలా తక్కువ. కానీ అది రావడమే చాలా అరుదు. ఆ వార్త వచ్చినప్పుడల్లా పోటీ రద్దు చేయమని గోల చేసేవాళ్లు, వాన పడిన మర్నాడు మాత్రం నిశ్చింతగా దిగుతారు. ఇది మావాళ్ల తీరు, మీ తప్పు కాదు.

నీళ్ల శుభ్రత ఇంతటితో ఆపుతాను. జబ్బు తర్వాత సంగతి, ముందు అందరూ ఒడ్డుకు చేరాలి.

2010 అక్టోబర్ 23న యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల ప్రపంచ కప్ ఈతలో ఫ్రాన్ క్రిపెన్ అనే అమెరికా ఈతగాడు చనిపోయాడు. వయసు 26. ప్రపంచ స్థాయి ఈతగాడు, బలమైనవాడు. నీళ్లు బాగా వెచ్చగా ఉన్నాయి. అతను ఒడ్డుకు రాలేదని ముందు గమనించింది తోటి ఈతగాళ్లు. వెతికి బయటికి తీసేసరికి గంటలు గడిచాయి. ఆ తర్వాతే అంతర్జాతీయ సమాఖ్య నీళ్లు 31 డిగ్రీలు దాటితే పోటీ పెట్టకూడదని నియమం తెచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నన్నడిగితే, రెండు గంటల పాటు శాయశక్తులా ఈదేవాళ్లకు 31 కూడా ఎక్కువే. గాలి వేడి, తేమ కలిపి చూడకుండా నీళ్ల డిగ్రీలు మాత్రమే చూస్తే సరిపోదు.

చల్లటి నీళ్లది ఇంకో రకం ప్రమాదం. 15 డిగ్రీల కన్నా తక్కువ ఉన్న నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే అనుకోకుండానే పెద్దగా ఊపిరి పీలుస్తాం. ఆ క్షణంలో మొహం నీళ్లలో ఉంటే అంతే సంగతులు. ఊపిరి వేగం, గుండె వేగం అదుపు తప్పి, రెండు మూడు నిమిషాలకు సర్దుకుంటాయి. ఆ రెండు మూడు నిమిషాల్లోనే మీరు విజిల్ ఊది అందరినీ ఒకేసారి వదులుతారు. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్లలో జరిగిన 135 మరణాలు, గుండె ఆగిన ఘటనలను పరిశీలిస్తే, 90 ఈతలోనే జరిగాయని తేలింది. సైకిలు, పరుగు రెండూ కలిపినా అందులో సగం కూడా లేవు. అందుకని ముందుగా పది నిమిషాలు నీళ్లలో అలవాటు పడనివ్వండి, కొద్దికొద్దిమందిగా వదలండి. టైమ్ లెక్కకు కాలికి చిప్ ఎలాగూ కడుతున్నారు, అందరూ ఒకేసారి మొదలుపెట్టాల్సిన అవసరమేమీ లేదు.

అయితే ఆ చిప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది కాలి నుంచి ఊడిపోతుంది, లేదా మధ్యలో మానేసినవాళ్లు దాన్ని ఇచ్చేసి చెప్పకుండా ఇంటికి పోతారు. నీళ్లలోకి ఎంతమంది దిగారో, ఎంతమంది పైకి వచ్చారో వేలు పెట్టి లెక్కపెట్టే మనిషి ఒకరు గేటు దగ్గర ఉండాలి. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకండి, మెడల్స్ పంచమని అసలే చెప్పకండి. నీళ్లలో తెడ్డుతో నడిపే చిన్న పడవలు, కయాక్‌లు పెంచండి. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా చేతులూపి అరవరు, నిలువుగా ఉండి, నోరు నీటి మట్టానికి తగులుతూ, చప్పుడు లేకుండా జారిపోతారు. వంద మీటర్ల దూరంలో మోటారు బోటులో కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్లకు అది కనబడదు. ఆ మోటారు బోట్ల ప్రొపెల్లర్లకు గార్డులున్నాయో లేదో కూడా చూడండి. ఇక టోపీల సంగతి. స్పాన్సర్ లోగో రంగుకు సరిపోతుందని ముదురు నీలం టోపీలిచ్చిన పోటీలున్నాయి. అలల మధ్య నీలం తల ఎవరికి కనిపిస్తుంది? నారింజ, గులాబీ, మెరిసే పచ్చ, వీటిలో ఏదైనా ఇవ్వండి. నడుముకు కట్టుకునే గాలి బుడగను నిషేధించకండి.

అన్నిటికన్నా కష్టమైనది రద్దు చేయడం. ఆ సంగతి మాకు తెలుసు. నెలల తరబడి ప్రాక్టీసు చేసి, సెలవు పెట్టి, ఖర్చు పెట్టుకుని వచ్చాక, పొద్దున్నే 'ఈత లేదు' అంటే తిట్టేది మేమే. ఫీజు తిరిగివ్వరని తెలిసినప్పుడు ఇంకా గట్టిగా తిడతాం. మీకూ పడవల అద్దె, అనుమతుల రుసుము, స్పాన్సర్ ఒత్తిడి ఉంటాయి. అందుకే ఆ నిర్ణయాన్ని మీ చేతుల్లోంచి తీసి, పోటీ జరిగినా ఆగినా పైసా లాభనష్టం లేని వ్యక్తికి ఇవ్వండి. ఏ అంకె దాటితే ఆపాలి, ఎంత వాన పడితే ఆపాలి, నీళ్లు ఎన్ని డిగ్రీలుంటే దూరం తగ్గించాలి, ఆపితే ఫీజులో ఎంత వెనక్కి వస్తుంది, ఇవన్నీ రిజిస్ట్రేషన్ పేజీలోనే రాయండి. ముందే రాసి ఉంటే తిట్లు సగానికి తగ్గుతాయి. మిగతా సగం భరించండి.

అధికారులకు విడిగా రెండు మాటలు. మీరు సీజన్‌లో నాలుగు నమూనాలు తీసి, వాటి మీద ఏడాదికి సరిపడా బోర్డు పెడతారు. వాన వల్ల వచ్చిన కలుషితాన్ని తాత్కాలికమని లెక్కలోంచి తీసేయడానికి కొన్ని చోట్ల నిబంధనలే ఒప్పుకుంటాయి. యూరప్‌లో అలాంటి నమూనాలను 15 శాతం దాకా పక్కన పెట్టొచ్చు. ఆ నీళ్లలో దిగినవాళ్లకు వచ్చే జ్వరం మాత్రం లెక్కలోంచి పోదు. నిబంధన ప్రకారం గ్రేడు ఎలా ఇస్తారో మీ ఇష్టం, కానీ తీసేసిన నమూనాల అంకెలను కూడా అదే పేజీలో ఉంచండి. మురుగు ఏ గొట్టం నుంచి, ఏ గంటకు నదిలోకి వదిలారో అదే రోజు తెలియజేయండి. ఆ సమాచారం కొలిచే మీటర్లు చాలా చోట్ల ఇప్పటికే ఉన్నాయి, చూసే వీలు మాత్రం మాకు లేదు.

వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్లు తెరిచేలోపు మీ జవాబు కోసం చూస్తాం. పరీక్షలు ఎవరు చేస్తారు, ఫలితాలు ఏ రోజు ఎక్కడ పెడతారు, ఆపే అధికారం ఎవరిది, ఈ మూడింటికీ జవాబు రాసిన పోటీలకు ఫీజు కడతాం. రాయని పోటీల పేర్లను మా క్లబ్బుల్లో ఒక జాబితాగా పెట్టుకుంటాం, ఆ జాబితాను మీకూ పంపుతాం.

ఇట్లు,
మీ పోటీల్లో ఈదేవాళ్లలో ఒకరు